నేర్చుకునే చేతులు

బేత్సయిదాలో గ్రుడ్డివానిని బాగుచేసిన మన ప్రభువు ఎవరి దగ్గరా వైద్యం నేర్చుకొనలేదు. మన డాక్టర్లకు నేర్చుకొనక తప్పదు. శుక్లం తీసేటప్పుడు చిరగకుండా కాపాడవలసిన వెనుక పొర మందం మిల్లీమీటరులో సుమారు 250వ వంతు. అందుకే కంటి వైద్యం చదివే పి.జి. డాక్టర్లు ముందుగా మేక కన్నులమీద కోత, కుట్టు అభ్యాసం చేస్తారు. (మనం కూరకు తెచ్చుకునే తలకాయలోవే!) పిమ్మట మనిషి కంటిమీద ఒక్కొక్క మెట్టే చేయనిస్తారు. అదే మైక్రోస్కోపుకు అమర్చిన మరో జత అద్దాలలోనుండి గురువు చూస్తూ ప్రక్కనే ఉంటాడు. చెయ్యి తడబడితే తానే అందుకుంటాడు.

రెండు కన్నులకూ శుక్లం ముదిరి, మనుమరాలి చెయ్యి పట్టుకొని ఆరాధనకు వచ్చే మా సంఘంలోని ఒక పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. "నేర్చుకునే పిల్లల చేతికి నా కన్ను ఇవ్వను అయ్యగారూ" అంది. ఆ భయాన్ని అవిశ్వాసమని నేననను. మధురైలో 1976లో అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ జి. వెంకటస్వామి గారి సంగతి చెప్పాను. కీళ్లవాతంతో వ్రేళ్లు వంకరపోయినా, కత్తి పట్టడం మళ్లీ నేర్చుకొని, లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారాయన.

ఆమె కాసేపు ఊరకుండి, "ఆ వ్రేళ్లకు మొట్టమొదట కన్ను ఇచ్చిన తల్లి ఎవరో!" అంది.

సోమవారం మనుమరాలితో బస్సెక్కింది.