గోడ మీది బురద గీత

మన పల్లెల్లో నాలుగు డబ్బులు చేతికి రాగానే పిల్లల కోసం పట్నంలో వంద గజాల స్థలం కొనాలని ఆశ పడతారు. బయానా ఇచ్చే ముందు కుటుంబమంతా మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటారు. తప్పక చేస్తాము. చేసిన తరువాత మేమడిగే మాట ఒకటున్నది: 2024 సెప్టెంబరులో అక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?

విజయవాడ సంగతి చెబుతున్నాము. ఆ ఊరికి భయమంతా కృష్ణ వల్లనేనని చాలామంది తలంపు. కాని ఆ యేడు సింగ్‌నగర్ వైపు ముంచినది బుడమేరు. మైలవరం వైపు కొండల నీటిని మోసుకొని కొల్లేటికి పోయే వాగు అది. దానికి వెలగలేరు వద్ద రెగ్యులేటరు ఉన్నది. అక్కడనుండి వరద నీటిని మళ్లింపు కాలువలో కృష్ణకు పంపుతారు. అయితే కృష్ణ కూడా పొంగుతూ ఉంటే ఆ నీరు సులువుగా దిగదు. భారీ వర్షాలకు వెలగలేరు గేట్లు ఎత్తవలసి వచ్చింది, మళ్లింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న నీరు ఇళ్లలోనికి వచ్చింది. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సైన్యం కూడా దిగి గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ అయింది. వాగు పల్లానికి పోయింది, పల్లంలో మనవాళ్లు కాపురమున్నారు. పల్లంలోనే గదా అద్దె తక్కువ!

ఇటువంటి ఊరికి ముంపు పటం కావాలి. మబ్బు కమ్మినా రాడార్ ఉపగ్రహం నీటిని చూడగలదు. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అటువంటి పటాలు తయారుచేస్తుంది. నీరు ఎంత మేర పరచుకొన్నదో వాటిలో కనబడుతుంది గాని, ఫలానా సందులో మోకాలి లోతా, మెడ లోతా అన్నది తెలియదు. అందుకు నేల ఎత్తుపల్లాలు కొలవాలి, ప్రతి వీధిలో నీరు నిలిచిన గుర్తు కావాలి. ఈ రెండూ కలిస్తే ముసలివారిని ఏ సందులోనుండి ముందు తరలించాలో, ఏ కాలువ పూడిక ముందు తీయాలో, కొత్త ఇంటి పునాది ఎంత లేపాలో చెప్పవచ్చు.

చిక్కంతా ఆ గుర్తుతోనే. నీళ్లు తీసిన తరువాత ప్రతి గోడ మీద బురద గీత ఉండెను. క్రిస్మస్ వచ్చింది, అందరూ సున్నాలు వేసుకొన్నారు. పండుగకు వేయవద్దని ఎవరంటారు? వేసే ముందు మేకుతో ఒక గీత గీచి తేదీ వ్రాయండని మాత్రం మేము ఇల్లిల్లూ తిరిగి చెప్పాము. "గీత కనబడితే అద్దెకెవరొస్తారండీ?" అన్నాడు ఒక ఇంటాయన. ఆయన ఇంటి మీద అప్పు ఇంకా తీరలేదు. ఆ మాట తీసివేయదగినది కాదు. కాని అద్దెకు వచ్చేవారు కూడా మన బిడ్డలే గదా, వారి బియ్యపు డబ్బా ఎంత ఎత్తున పెట్టుకోవాలో వారికి ఎవరు చెప్పాలి?

రెండు రోజులు ఆలోచించి, ఆయన మెట్ల క్రింద మీటరు పెట్టె ప్రక్కన గీత గీయించాడు. బయటికి కనబడదు. అడిగినవారికి లైటు వేసి చూపిస్తున్నాడు.