స్పానిష్‌కు తోడు ఏ చదువు?

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మా తూర్పు తీరములో వేట నిషేధము. ఆ రెండు నెలలు భావనపాడులో పడవలు ఒడ్డు మీద ఉంటాయి, మగవారు ఇళ్లలో ఉంటారు. ఏడాదంతా వాయిదా వేసిన మాటలన్నీ అప్పుడే బయటకు వస్తాయి. ఈసారి మా ఇంట్లో వచ్చిన మాట అమ్మాయి చదువు.

ఇంటర్ సి.ఇ.సి. ముగించి, హైదరాబాదులో స్పానిష్ బి.ఏ. చదువుతానని అన్నది. తార్నాకలో ఉస్మానియా ప్రక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమును అందరూ ఇఫ్లూ అంటారు. అది 1958లో మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది. స్పానిష్ ఒక్క ముక్క రాని వారికి కూడా అక్కడ మొదటి నుండి నేర్పుతారు. టెక్కలిలో ఆమెకు పాఠము చెప్పిన లెక్చరరు ఈ సంగతి చెప్పారట.

"ఏటే గుంటా, ఆ బాస మనోలెవరు మాటాడతారే?" అన్నది నానమ్మ. ఇరవై దేశాలకు అది అధికార భాష అని అమ్మాయి చెప్పింది. "అందులో ఒక్కటైనా టెక్కలికి దగ్గరేనా?" అని ముసలమ్మ అడిగేసరికి అందరమూ నవ్వాము. కాని ఆ రాత్రి మాకిద్దరికీ నిద్ర పట్టలేదు.

మా భయానికి కారణము ఉన్నది. పెద్దవాడిని ఏమి చదువుతావని ఒక్కసారి కూడా అడగలేదు. పక్కింటివారిని చూసి ఇంజనీరింగులో చేర్పించాము. రెండేళ్లు ఎలాగో ఉండి, ఒక సాయంత్రము పెట్టె పట్టుకొని ఇంటికి వచ్చేశాడు. తప్పు కళాశాలది కాదు, మాదే. ఫీజుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు వాడు మన వాళ్లు చాలామందిలాగే గుజరాతులో వెరావల్ వెళ్లి బోటు మీద పని చేస్తున్నాడు.

అందుచేత స్పానిష్ వద్దని మేము అనలేదు. భాష ఒక్కటే సరిపోతుందా, దానికి తోడు ఇంకేమైనా చదవాలా అన్నదే మా ఆలోచన. పూర్వము ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిచ్చేవారు కాదు. 2022లో యు.జి.సి. నియమము మార్చింది. ఒకటి తరగతిలో కూర్చొని, రెండవది దూరవిద్యలో చదవవచ్చును. దూరవిద్యకు ఇగ్నో ఉన్నది గనుక ఖర్చు మరీ భయపెట్టదు.

ఇక సలహాలకు కొదువ లేదు. మేనమామ ఇంగ్లీషు బి.ఏ. అన్నాడు. తరువాత బి.ఎడ్. చేస్తే బడి ఉద్యోగము వస్తుందని అతని లెక్క. ఆ మాట తీసిపారేయదగినది కాదు. కాని ఇంగ్లీషు, స్పానిష్ రెండూ భాషలే. రెండు వలలు ఉండి పడవ లేనట్టు మాకు తోచింది. ఆదివారము ఆరాధన తరువాత ఒక పెద్దాయన టూరిజము మంచిదన్నారు. మేము మాత్రము కంప్యూటర్లు అన్నాము. ఎందుకంటే అందరూ అదే అంటారు! అన్న తరువాత ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. పెద్దవాడి విషయములో కూడా సరిగ్గా ఇలాగే అన్నాము.

అప్పుడు అమ్మాయిని అడిగాము, నీకేమి కావాలని.

వెంటనే చెప్పలేదు. "నాన్నా, మొన్న మన రొయ్యల ధర ఎందుకు పడిపోయింది?" అని ఎదురు అడిగింది. మాకు రెండెకరాల చెరువు కౌలుకు ఉన్నది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకము 50 శాతానికి పెంచింది. ఆ వార్త రాగానే కొనేవారు కౌంటుకింత అని తగ్గించారు. అదే సమయములో ఈక్వడార్ సరుకు మీద సుంకము 15 శాతమే. ఏటా పది లక్షల టన్నులకు పైగా రొయ్య ఎగుమతి చేసే దేశమది, లోకములో అన్నిటికన్నా ఎక్కువ. వాళ్ల భాష స్పానిష్. మన చెరువులోని వెనామీ రొయ్యకు కూడా పుట్టిల్లు అటువైపే, మెక్సికో నుండి పెరూ వరకు ఉన్న పసిఫిక్ తీరము. మన దేశములో దాని సాగుకు 2009లో అనుమతి ఇచ్చారు. అంతవరకు ఇక్కడ టైగర్ రొయ్యే వేసేవారు.

ఇంకొక సంగతి కూడా చెప్పింది. వానలు తక్కువ పడిన ఏడాది రేడియోలో ఎల్ నినో అని వింటాము గదా! అది పెరూ జాలరుల మాట. క్రిస్మస్ రోజులలో సముద్రము వేడెక్కి చేపలు తగ్గిపోవడము చూసి, ఆ వేడి నీటికి బాలయేసు పేరు పెట్టుకున్నారు. ఎల్ నినో అంటే పిల్లవాడు. నలభై ఏళ్లుగా సముద్రము మీద బ్రతుకుతున్నాము, ఈ మాట మన వంటివారిదని మాకు తెలియనే తెలియదు.

"వాళ్ల మాట నాకు రావాలి, ఈ ధర లెక్క కూడా నాకు తెలియాలి. అందుకు ఎకనామిక్సు" అన్నది. బి.కాం. అయితే బ్యాంకు కాగితాలు, ఎగుమతి పత్రాలు బాగా తెలుస్తాయి గదా అని మేము కొంత వాదించాము. మా మండలములోనే మూలపేట రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, రేపు ఆ పనులు దొరకవచ్చు. కాని రాబోయే ఉద్యోగాలను నమ్ముకొని పిల్ల చదువు నిర్ణయించకూడదని మేమే వెనక్కి తగ్గాము. కాగితాలు ఆరు నెలలలో ఎక్కడైనా నేర్చుకోవచ్చు, ధర ఎందుకు పడిందో తెలియడానికి చదువే కావాలి అని ఆమె అన్న మాట మాకు సమంజసముగా తోచింది.

ఒక్క విషయములో మాత్రము మేము పట్టుబట్టాము. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరులలో జరుగుతాయి. క్రొత్త ఊరు, క్రొత్త భాష, దాని మీద ఇంకొక డిగ్రీ, అన్నీ ఒకేసారి మోస్తే పిల్ల కుంగిపోతుంది. ఇగ్నోలో జూలై విడత గాక జనవరి విడత కూడా ఉన్నది. సీటు వస్తే మొదటి ఆరు నెలలు స్పానిష్ ఒక్కటే చదివి, జనవరిలో ఎకనామిక్సులో చేరాలి. ఆమె ఒప్పుకున్నది.

ప్రవేశ పరీక్ష వ్రాసి వచ్చింది. ఫలితము ఇంకా రాలేదు. నానమ్మ మాత్రము ఒక మాట నేర్చేసుకుంది. రొయ్యను స్పానిష్‌లో కామరోన్ అంటారట. చెరువు దగ్గర నుండి ఎవరు వచ్చినా, "కామరోన్ ఎలాగున్నాయిరా?" అంటున్నది.

మొన్న వెరావల్ నుండి పెద్దవాడు ఫోను చేశాడు. చెల్లి సంగతంతా విన్నాడు. "ఎకనామిక్సు ఎవరు పెట్టమన్నారు?" అని అడిగాడు. అదే కోరుకుంది అన్నాము. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, హాస్టలుకు ఎంత కట్టాలో చెప్పండి, కొంత నేను పంపుతాను అన్నాడు.