ముక్కున వేలు!

మన సినిమాల్లో ఓ రూలుంది. పాత్రకి ముక్కు వెంట రక్తం కారిందా... ఇక అయిపోయిందన్నమాటే! మరుసటి సీన్లో డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఇంటర్వెల్ పడుతుంది.

ఈ రూలు మా అక్కకి బాగా వంటబట్టింది. 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం'లో నాగేశ్వరరావుగారికి కాన్సరని తెలిసినప్పుడు మొదలెట్టిన ఏడుపు ఆమెకింకా ఆరనే లేదు. 1982 ఎండాకాలంలో బెజవాడలో అందరం మ్యాట్నీకి వెళ్ళాం. ఆరేళ్ళ మేనల్లుడు నా ఒళ్ళో కూర్చున్నాడు. సగం సినిమాలో నా చొక్కామీద వెచ్చగా ఏదో పడింది. బయటికొచ్చి చూస్తే రక్తం! వాడి ముక్కులోంచి!

నేను హీరోలా వాడి తల వెనక్కి వంచి పట్టుకున్నాను. "వేడిచేసిందమ్మా, ఉల్లిపాయ వాసన చూపించండి" అన్నారెవరో. కాసేపటికి వాడు భళ్ళున కక్కాడు. అదీ రక్తమే! అక్క అక్కడే కూలబడిపోయింది.

రిక్షాలో డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండువేళ్ళతో నొక్కి పట్టుకున్నారు. నోటితో గాలి పీల్చమన్నారు. మధ్యలో వదిలి చూడకుండా 10 నిమిషాలు. ఆగిపోయింది!

"వాడు కక్కింది మింగిన రక్తమేనయ్యా. తల వెనక్కి వంచింది నువ్వేగా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క గొంతు పెగల్చుకుని, "కాన్సరా డాక్టరుగారూ?" అంది.

ఆయన నవ్వలేదు. "చూడమ్మా, ముక్కు మధ్యగోడకి ముందువైపున సన్నటి రక్తనాళాలు గుంపుగా ఉంటాయి. పైన పొర బహు పల్చన. వేడిగాలికి ఎండినా, జలుబుచేసి గట్టిగా చీదినా, దెబ్బ తగిలినా చిట్లుతాయి. పిల్లల్లో ఎక్కువగా జరిగేది ఇంతే. 20 నిమిషాలు నొక్కినా ఆగకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మాటిమాటికీ వస్తున్నా, చిగుళ్ళలోంచి కూడా కారుతున్నా, దెబ్బ లేకుండానే ఒళ్ళు కమిలినా పరీక్షలు చేయించాలి. వీడికి అవేం లేవు."

"మరెందుకొచ్చిందండీ?"

ఆయన వాడి చూపుడువేలు పట్టుకుని, పెరిగిన గోరు చూపించారు. "ఇదిగోనమ్మా మీ విలన్!"

నిజమే! ఫైటింగ్ సీను వచ్చిందంటే చాలు, వాడి వేలు ముక్కులోనే ఉండేది.

అక్క ఆశ్చర్యంతో ముక్కున వేలేసుకుంది. చటుక్కున తీసేసింది!

ఇప్పుడా మేనల్లుడే పిల్లల తండ్రి. ప్రతి ఆదివారం పిల్లల గోళ్ళు తనే కత్తిరిస్తాడు. తెరమీద ముక్కు వెంట రక్తం కారితే మనం హాయిగా ఏడుద్దాం, తప్పులేదు. ఇంట్లో కారితే మాత్రం ఏడుపు తర్వాత... ముందు తల ముందుకి వంచండి!