కాగితం మీద లింకు

నేను వ్యాసాలు వర్డ్‌లో రాయను. ఈమాక్స్‌లో ఆర్గ్ మోడ్ పెట్టుకుని, ఉత్త టెక్స్టుగా రాస్తాను. కార్స్‌టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో తన నోట్సు కోసం మొదలుపెట్టిన పనిముట్టు అది. లింకు ఇవ్వాలంటే చదరపు బ్రాకెట్లలో ముందు చిరునామా, తర్వాత పైకి కనబడాల్సిన మాట. నాలుగు మీటలు నొక్కితే లేటెక్ దాన్నంతా పుస్తకం పేజీల్లా కూర్చి పీడీఎఫ్ చేసిపెడుతుంది.

పేచీ అంతా లింకుల దగ్గరే. లేటెక్‌లో వాటి సంగతి చూసేది హైపర్‌రెఫ్ అనే ప్యాకేజీ. దాని మానాన దాన్ని వదిలేస్తే ప్రతి లింకు చుట్టూ ఒక డబ్బా గీస్తుంది. అదే పీడీఎఫ్‌లో మరో చోటికి పోయేదానికి ఎర్రది, బయటి వెబ్ పేజీకి పోయేదానికి లేత నీలంది. మాస్టారు తప్పులు దిద్దిన పరీక్ష పేపరులా ఉంటుంది పేజీ. అయితే ఆ డబ్బాలకి ఒక మర్యాద ఉంది: తెర మీద కనిపిస్తాయే గానీ ప్రింటులోకి మామూలుగా రావు. అది తెలియక వాటిని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ.

డబ్బా వద్దనుకుంటే కలర్‌లింక్స్ అని పెట్టి మాటకే రంగు వేయొచ్చు. ఆ రంగు మాత్రం ప్రింటులోకీ వస్తుంది. పోనీ కింద గీత గీద్దామా అంటే, తెలుగుకి అది కుదిరే పని కాదు. ఇంగ్లీషు చిన్నబడిలో గీత కిందకి దిగే అక్షరాలు ఐదే. మనకి వాక్యం నిండా వత్తులే. 'లక్ష్మి' అన్నా 'కృష్ణ' అన్నా గీత సరిగ్గా వత్తు మెడ మీదుగా పోతుంది. ఇంకా కిందకి దించితే అది ఏ వరసదో తెలియదు.

నేను ముచ్చటపడి ముదురు నీలం పెట్టుకున్నాను. అమ్మ తెర మీద చదవదు, కళ్ళు మండుతాయంటుంది. తెనాలిలో మా వీధి చివర జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చుంటుంది. అది నలుపు తెలుపు ప్రింటు.

"మధ్యమధ్యలో కొన్ని మాటలు వెలిసిపోయాయేంట్రా? సిరా అయిపోయిందా వాడికి?" అని ఫోను చేసింది.

సరే అని హైడ్‌లింక్స్ పెట్టాను. డబ్బా లేదు, రంగు లేదు, పేజీ శుభ్రంగా ఉంది. వారం తర్వాత మళ్ళీ ఫోను. "ఆ కథ ఇక్కడ చదవొచ్చు అని రాశావు. ఇక్కడ అంటే ఎక్కడ్రా?"

దీనికి రంగుల్లో జవాబు లేదు. హెచ్‌రెఫ్ ఆదేశాన్ని ఫైలు మొదట్లోనే తిరగరాసి, ప్రతి చిరునామా ఫుట్‌నోట్‌గా పేజీ అడుక్కి దిగేలా చేశాను. పాన్‌డాక్ వాడేవాళ్ళకి ఆ శ్రమ కూడా లేదు, లింక్స్-యాజ్-నోట్స్ అంటే చాలు. ఇంగ్లీషు చిరునామాలకి బాగానే ఉంది. తెలుగు వికీపీడియా లింకులకి వచ్చేసరికి పేజీ అడుగంతా శాతం గుర్తులే! మన హల్లుకీ, దాని పక్కనుండే గుణింతపు గుర్తుకీ విడివిడిగా మూడేసి బైట్లు. చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. 'తెలుగు' అన్న ఒక్క మాటకే 54 అక్షరాలు. గురజాడ అప్పారావు పేరు 135 దాటుతుంది. అమ్మ కాదు కదా, ఏ మనిషీ దాన్ని చూసి కొట్టలేడు.

అందుకని ఇప్పుడు వాక్యాన్నే మార్చుకుంటున్నాను. 'ఇక్కడ' అన్న మాట మీద లింకు పెట్టను. కథ పేరు, రచయిత, పత్రిక, సంవత్సరం వాక్యంలోనే చెప్పి, కథ పేరు మీద లింకు పెడతాను. తెరకి ముదురు నీలం, అమ్మ ప్రతికి నలుపు. వాక్యం కాస్త బరువెక్కుతుంది, నిజమే. కానీ రేపు ఆ వెబ్ పేజీ ఎగిరిపోయినా, వెతుక్కోడానికి పేరంటూ మిగులుతుంది.

పోయిన నెల వ్యాసంలో మూడు కథల పేర్ల కింద అమ్మ పెన్సిలు గీతలు పెట్టింది. రెండు ఊళ్ళో లైబ్రరీలో దొరికాయట. మూడోది ప్రింటు తీసి పోస్టులో పంపమంది, అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టి.