అన్నాన్ని బట్టి సూది

పొద్దున 14, రాత్రి 10. చండ్రుగొండలో ఉంటున్న మా తమ్ముడి కూతురి మందుల చీటీలో ఇన్సులిన్ గురించి రాసి ఉన్నది ఇంతే. 30/70 కలిపిన ఇన్సులిన్, తిండికి అరగంట ముందు. మా మరదలు ఆ రెండు అంకెలనూ తు.చ. తప్పకుండా పాటిస్తోంది. అయినా ఒకరోజు ఫోన్లో ఏడ్చేసింది. "సూది సరిగ్గానే ఏస్తున్నా వదినా. పదకొండున్నర అయిందంటే పాపకు చేతులు వణుకుతున్నయి, చెమటలు పోస్తున్నయి. రాత్రి చూస్తే చక్కెర 300. మేమేం తప్పు చేస్తున్నం?"

వాళ్ల తప్పేమీ లేదు. పిల్ల రోజూ ఒకేలా బతకదు, ఆ అంకెలు మాత్రం మారవు.

నాకూ టైప్ వన్ మధుమేహమే. ఇంగ్లండు వచ్చాక, పెద్ద వయసులో బయటపడింది. షెఫీల్డ్‌లో ఉంటాను. ఇక్కడ నాకు ఇన్సులిన్ ఉచితంగా అందుతుంది. అంతకన్నా గొప్ప మేలు, డోసు మార్చుకోవడం కూర్చోబెట్టి నేర్పించారు. డాఫ్నే అని ఐదు రోజుల శిక్షణ. ఒక నర్సు, ఒక ఆహార నిపుణురాలు, చుట్టూ నాలాంటివాళ్లు కొందరు. ఈ పద్ధతి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో పుట్టింది. బ్రిటన్‌లో షెఫీల్డ్, లండన్, నార్త్ టైన్‌సైడ్ కేంద్రాల్లో పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలకు చూస్తే, నేర్చుకున్నవాళ్ల హెచ్‌బిఎవన్‌సి (కొన్ని నెలల చక్కెర తీరు చెప్పే పరీక్ష) సగటు 8.4, అప్పటికింకా నేర్చుకోనివాళ్లది 9.4. నచ్చింది తింటూనే అంత తగ్గింది.

అందులో అసలు సంగతి తేలికే. ఏమీ తినకపోయినా ఒంటికి కొంత ఇన్సులిన్ కావాలి, అది ఒక సూది. తిన్నదానికి వేరే సూది. పది గ్రాముల పిండిపదార్థానికి ఇన్ని యూనిట్లని ఎవరి లెక్క వాళ్లకుంటుంది. నాకు ఒకటి సరిపోతుంది, ఇంకొకరికి రెండు కావచ్చు. వంద గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. శిక్షణలో రొట్టె ముక్కలకూ బంగాళాదుంపలకూ లెక్కలు చెప్పారు. పులిహోరకు, పెసరట్టుకు, జొన్నరొట్టెకు నేనే వంటింట్లో తక్కెడ పెట్టుకుని పట్టిక రాసుకున్నాను.

ఇక పదకొండున్నర వణుకు సంగతి. 14 యూనిట్ల 30/70లో నాలుగు యూనిట్ల చిల్లర మాత్రమే త్వరగా పనిచేసే ఇన్సులిన్. మిగతా పది దాకా నెమ్మదిగా కరిగే ఎన్‌పీహెచ్. అది నాలుగైదు గంటల తర్వాత జోరందుకుంటుంది. ఏడింటికి వేస్తే సరిగ్గా మధ్యాహ్నానికి. బడిలో మధ్యాహ్న భోజనం ఆలస్యమైతే ఆ పది యూనిట్లు ఆగవు, రక్తంలో ఉన్న చక్కెరనే లాగేస్తాయి. పోనీ టిఫిన్ తర్వాత చక్కెర ఎక్కువగా ఉందని 14ను 16 చేస్తే? టిఫిన్ భాగానికి చేరేది అర యూనిట్ పైచిలుకు, మధ్యాహ్నం భాగానికి ఒకటిన్నర దగ్గర. అంటే వణుకు ఇంకా పెరుగుతుంది. కలిపిన సీసాతో ఒకదాన్ని ముట్టకుండా ఇంకోదాన్ని సవరించే దారి లేదు.

అందుకే మా మరదలికి ఒక నోటుపుస్తకం పెట్టమన్నాను. టిఫిన్‌కు ముందు, మధ్యాహ్నం తిండికి ముందు, రాత్రి తిండికి ముందు, పడుకునేటప్పుడు రీడింగ్. పక్కన ఏం తిన్నది, ఏం పని చేసింది. స్ట్రిప్పుల ఖర్చు నాకు తెలుసు. రోజూ కుదరకపోతే వారంలో మూడు రోజులైనా వరసగా. పొద్దున లేవగానే ఎక్కువగా ఉంటే రాత్రి డోసు పెంచేముందు ఒక రాత్రి మూడింటికి చూడాలి, ఆ వేళకు పడిపోతోందేమోనని. ఒక్క రీడింగ్ చూసి డోసు మార్చకూడదు. రెండు మూడు రోజులు అదే వేళకు అదే తీరు కనిపిస్తే, చిన్నపిల్లకు ఒక యూనిట్, అదీ డాక్టరుతో మాట్లాడి.

పుస్తకం రెండు వారాల్లో చాలా చెప్పింది. ఎండాకాలం సెలవుల్లో వాళ్లమ్మతో తెల్లవారుజామున తునికాకుకు వెళ్లిన రోజుల్లో చక్కెర పడిపోయింది. మధ్యాహ్నమే కాదు, ఆ రాత్రి కూడా. కండరాలు పనిచేస్తే తక్కువ ఇన్సులిన్‌తోనే చక్కెరను లాక్కుంటాయి, ఆ ప్రభావం ఒక్కోసారి మర్నాటిదాకా ఉంటుంది. ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లం దాకా నడిచిన పిల్లకూ, ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లకూ ఒకే 14 ఎలా సరిపోతుంది? మామిడిపళ్ల రోజులకూ ఎండబెట్టిన ఇప్పపువ్వు నమిలిన రోజుకూ వేరే కథ. ఇప్పపువ్వు నిండా చక్కెరే. అడవి అంచు ఊళ్లలో ఇవి రోజువారీ తిండి, రోజువారీ పని. మన ఆసుపత్రుల్లో ఇచ్చే ఆహార పట్టికల్లో వీటికి చోటు ఉండాలి.

మరదలు ఇంకోటి అడిగింది. "మీకాడ సిరంజీలు సన్నగుంటయంట కదా, పంపరాదూ?" పంపనన్నాను, కారణమూ చెప్పాను. మన దగ్గర దొరికే సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజీ. ఇక్కడ అంతా 100 యూనిట్లవే, నారింజ మూత. 40 యూనిట్ల సీసా మందును నారింజ మూత సిరంజీలో పది గీతలు లాగితే ఒంట్లోకి వెళ్లేది నాలుగు యూనిట్లే. తారుమారైతే పదికి ఇరవై ఐదు వెళ్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. ప్రేమగా సామాను పంపే మన విదేశాల చుట్టాలందరికీ ఇది తెలియాలి. రీడింగులతోనూ జాగ్రత్త. బ్రిటన్ మీటరులో 6 అంటే మన మీటరులో 108. పద్దెనిమిదితో గుణించాలి.

కరెంటు పోయే ఊళ్లో, 45 డిగ్రీల ఎండలో మందు పాడవుతుందని వాళ్ల భయం. వాడని సీసాలు ఫ్రిజ్‌లోనే ఉండాలి. వాడుతున్న సీసాకు తడి ఇసుక కుండ పనికొస్తుంది. కెన్యాలోని దగాహలే శరణార్థి శిబిరంలో ఇంటింటి వేడిని కొలిచి, ఎంఎస్ఎఫ్ అనే వైద్య సహాయ సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలు ఇన్సులిన్ నిలిచిందని తేలింది. కిటికీ పక్కన ఎండలో మాత్రం పెట్టకూడదు.

జ్వరమొచ్చి అన్నం తినకపోతే సూది ఆపేయడం మన ఇళ్లలో అలవాటు. టైప్ వన్ పిల్లకు అది ప్రమాదం. జ్వరంలో చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ లేకపోతే రక్తం ఆమ్లమై పిల్ల స్పృహ తప్పుతుంది. తినకపోయినా ఒంటికి కావలసిన సూది వేయాల్సిందే, డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

ఆ నోటుపుస్తకం పట్టుకుని తమ్ముడు ఖమ్మం వెళ్లి డాక్టరుకు చూపించాడు. ఆయన సావకాశంగా పేజీలన్నీ తిరగేసి, కలిపిన సీసా మాన్పించి, త్వరగా పనిచేసేది, నెమ్మదిగా పనిచేసేది విడివిడిగా రాశారు. తిండికి తగ్గట్టు మొదటిదాన్ని ఎంతవరకు అటూ ఇటూ జరపవచ్చో కూడా రాసిచ్చారు. వచ్చే ఏడు పాప హాస్టల్‌కు వెళ్తానంటోంది. వార్డెన్‌కు ఇవ్వడానికి ఒక కాగితం రాస్తున్నాం. చక్కెర 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలని మొదటి వాక్యం. రెండోది పాపే చెప్పింది. "అన్నం ఆలస్యమైతే నాకు ముందే చెప్పమని రాయి అత్తా, సూది అన్నం వేళకే వేసుకుంటా."