‘బ్లాకర్స్ ఏమీ లేవు’ అన్నాను... అబద్ధం!

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన రెండో నెల. రోజూ పదిన్నరకి స్టాండప్. నా వంతు రాగానే “నిన్న పేమెంట్ పేజీ చేశాను, ఇవాళ కూడా అదే, బ్లాకర్స్ ఏమీ లేవు” అనేవాణ్ని. నిజానికి మూడు రోజులుగా ఒకే బగ్ దగ్గర ఇరుక్కుపోయి ఉన్నా. బ్యాంకు నుంచి ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తే రెండు ఆర్డర్లు పడుతున్నాయి. అడిగితే ‘ఇది కూడా రాదా’ అంటారేమోనని భయం.

నాలాగే మిగతావాళ్లూ ‘అంతా ఓకే’ అనేవాళ్లు. తీరా చూస్తే శుక్రవారం రిలీజ్ లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!

శనివారం టీమ్ మొత్తం ఆఫీసుకొచ్చింది. ఒకాయన చెల్లెలి నిశ్చితార్థం వదులుకుని వచ్చాడు. నా స్క్రీన్ చూసిన టెస్టర్ అక్క, “ఇదా? పోయినేడు ఇంకో పేజీలో ఇదే వచ్చింది. ట్రాన్సాక్షన్ నంబర్ ముందే ఉందో లేదో చూసుకుని ఆర్డర్ పెట్టాలి. అడగొచ్చు కదరా!” అంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సోమవారం రెట్రోలో నిజం చెప్పేశా. తిడతారనుకున్నా. మా లీడ్ కాసేపు ఊరుకుని, “నేనూ డేటాబేస్ పని దగ్గర వారంగా ఆగిపోయాను, చెప్పలేదు” అన్నాడు. ఆ ఒక్క మాట చేసిన పని ఏ ట్రైనింగూ చేయలేదు.

అప్పట్నుంచి స్టాండప్‌లో మనిషి మనిషినీ అడగడం మానేశాం. బోర్డు కుడివైపు నుంచి మొదలుపెడతాం. పూర్తవడానికి దగ్గరగా ఉన్న టికెట్ ఏది, దాన్ని ఆపుతున్నదేంటి, ఎవరు చెయ్యి వేస్తారు... అంతే. ‘నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, అడ్డంకులేంటి’ అనే మూడు ప్రశ్నల్ని స్క్రమ్ గైడే 2020లో తీసేసిందని అప్పటిదాకా మాకెవరికీ తెలీదు! పదిహేను నిమిషాల మీటింగ్ పని ప్లాన్ చేసుకోవడానికిగానీ హాజరు వేయించుకోవడానికి కాదు కదా.

అన్నిటికంటే కష్టమైంది ఇంకోటి. ఆరుగురం ఉన్నా, బోర్డు మీద ఒకేసారి నాలుగు టికెట్లకి మించి నడవకూడదని పెట్టుకున్నాం. మొదట్లో ‘ఖాళీగా కూర్చున్నట్టుందే’ అని ఒకటే గింజుకున్నాం. కానీ కొత్తది మొదలుపెట్టే వీల్లేకపోవడంతో, ఇద్దరేసి కూర్చుని ఉన్నది ముగించడం అలవాటైంది. టెస్టర్ అక్క కూడా కోడ్ అయ్యాక కాదు, రాయకముందే మాతో కూర్చుంటోంది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో పదిహేడు మంది కలిసి అజైల్ మ్యానిఫెస్టో రాసినప్పుడు మొదట పెట్టిందీ ఇదే: టూల్స్ కంటే మనుషులు ముఖ్యమని. మేమేమో టూల్ కొని మనుషుల్ని మర్చిపోయాం.

ఇప్పటికీ ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో కెమెరాలన్నీ ఆఫ్‌లోనే ఉంటాయి, ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో తెలీదు. దానికి మందు ఇంకా దొరకలేదు. ఆ నిశ్చితార్థం మిస్సయినాయన మాత్రం నేను కాస్త ఎక్కువసేపు మౌనంగా ఉంటే చాలు, వాట్సాప్‌లో చెల్లెలి ఫొటో పంపిస్తాడు.