కొట్టుకు వెళ్ళే ముందు తలుపు కొట్టు

సిగరెట్టు మానమని చెప్పేవారికి మన దేశంలో కొదవ లేదు. తల్లిదండ్రులు చెబుతారు, డాక్టర్లు చెబుతారు, సినిమా మొదలయ్యే ముందు వెండితెర చెబుతుంది. చివరికి సిగరెట్టు పెట్టె సైతం తనను ముట్టుకోవద్దని తనే చెబుతుంది. 2016 నుంచి ఆ పెట్టె మీద నూటికి 85 వంతులు హెచ్చరికే. ఇన్ని నోళ్ళు చెప్పినా మాననివాణ్ణి, మానిన ఏడాదికి మళ్ళీ అంటించినవాణ్ణి చూసి "వీడికి మనోబలం లేదు" అనేయడం తేలిక. నేను చూసినంతలో విషయం అది కాదు. మానమని చెప్పడానికి వెయ్యిమంది ఉంటారు. మానిన తరువాత రెండో ఏట, మూడో ఏట పక్కన కూర్చోవడానికి ఒక్కడూ ఉండడు. అలా పక్కన కూర్చున్నవారి గురించే ఈ నాలుగు మాటలూ.

పొగ నలుగురిలో అబ్బే విద్య. మా నాయనమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు. ఆ ప్రాంతంలో చాలామంది ఆడవాళ్ళలాగే ఆమెదీ అడ్డపొగ. అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. అంగిట్లో వచ్చే క్యాన్సరుకు అది దారి తీస్తుందని వైద్యులు ఏనాడో తేల్చి చెప్పారు. కానీ నాయనమ్మ ఒంటరిగా చుట్ట కాల్చగా నేను చూసిన గుర్తు లేదు. పొద్దువాలాక అరుగు మీద నలుగురూ చేరితేనే చుట్టలు వెలిగేవి, కబుర్లూ వెలిగేవి. 'కన్యాశుల్కం'లో వెంకటేశానికి చుట్ట మప్పిన గురువు గిరీశం. మా హాస్టల్లోనైతే గదికొక గిరీశం. ఒక అగ్గిపుల్ల, ఒక సిగరెట్టు, మూడు నోళ్ళు. స్నేహమంటే అదే అనుకునే వయస్సు. నేర్చుకునేటప్పుడు ఇంతమంది గురువులు, సహాధ్యాయులు! మానేటప్పుడు మాత్రం "నీ సంకల్పబలం నాయనా" అని ఒంటరిగా వదిలేస్తారు. ఇదెక్కడి న్యాయం?

మానడం వేరు, మాని ఉండడం వేరు. పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. దానికి అలవాటుపడిన శరీరం, అది అందకపోయేసరికి మొదటి వారమంతా గోల పెడుతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, అస్తమానం ఆకలి. మూడు నాలుగు వారాల్లో ఇవి చాలా మటుకు సర్దుకుంటాయి. ఆ తరువాత మిగిలేది జ్ఞాపకం. టీ గ్లాసు చూస్తే జ్ఞాపకం, పరీక్ష హాలు నుంచి బయటపడితే జ్ఞాపకం, వాన పడితే జ్ఞాపకం. సరిగ్గా అప్పుడే "ఒక్కటే కదా" అన్న మాట వినిపిస్తుంది. ఆ కోరిక ఎంత ఉవ్వెత్తున లేచినా సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది, వాల్తేరు తీరాన అల మాదిరి. ఆ కొద్ది నిమిషాలు ఎవరితో గడుపుతామన్నదే అసలు ప్రశ్న.

2012 జూలైలో మా హాస్టల్లో అయిదుగురం కలిశాం. నలుగురం రీసెర్చి స్కాలర్లం. అయిదోవాడు మా లేబొరేటరీ అటెండరు. అందరం ఆయన్ను బాబాయ్ అనేవాళ్ళం. ఆయన వయస్సు అప్పటికి యాభై నాలుగు, బీడీల అనుభవం ముప్ఫై అయిదేళ్ళు. అందరం అంతకు ముందు విడివిడిగా ప్రయత్నించినవాళ్ళమే. ఈసారి ఒక పొడుగాటి నోటు పుస్తకం కొన్నాం. అడ్డంగా అయిదు పేర్లు, నిలువుగా తేదీలు. అక్షరాలా హాజరు పట్టీ. కాల్చని రోజుకు ఒక టిక్కు. ప్రతి ఆదివారం సాయంత్రం మెస్సులో టిఫిను ముగించుకుని బీచి దాకా నడవడం, అక్కడ ఇసుకలో కూర్చుని ఆ వారం ఎవరికి ఎక్కడ కాలు జారబోయిందో చెప్పుకోవడం. ఉపన్యాసాలు నిషిద్ధం.

నియమం ఒక్కటే పెట్టుకున్నాం: కొట్టుకు వెళ్ళే ముందు తలుపు కొట్టు. విద్యాసంస్థలకు నూరు గజాల లోపు సిగరెట్లు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతుంది. మా కిళ్ళీ కొట్టు ఆ లెక్కన టేపుతో కొలిచి నూట ఒకటో గజంలో వెలిసినట్టుండేది. అర్ధరాత్రి పన్నెండైనా సరే, మనస్సు అటు లాగితే ముందు మా అయిదుగురిలో ఒకరి తలుపు కొట్టాలి. తలుపు తీసినవాడు "ఎందుకు" అని అడగకూడదు. చెప్పులేసుకుని బయటికి రావాలి. అంతే. రెండు రౌండ్లు నడిచేసరికి అల విరిగిపోయేది. బాబాయ్ జేబులో ఎప్పుడూ ఎండు ఉసిరి ముక్కలు ఉండేవి. బీడీల కట్ట ఉండే జేబే అది. మాలో ఒకడు డాక్టరు సలహా మీద రెండు నెలలు నికోటిన్ చూయింగ్ గమ్ నమిలాడు. అదేం దొంగతనం కాదు, మందు. పుస్తకంలో అతని టిక్కులూ మిగతావాళ్ళ టిక్కుల్లాంటివే.

ఆరు నెలలు గడిచాక పుస్తకం బోరు కొట్టింది. అసలు ప్రమాదం అక్కడే మొదలు. పోరాటం ఉన్నన్నాళ్ళూ మనిషి మెలకువగా ఉంటాడు. శాంతి వచ్చాకే కునుకు పడుతుంది. ఇద్దరికి థీసిస్ ముగిసింది, ఒకరికి పెళ్ళయింది. ఆదివారాల నడక, నెలకొక ఫోనుగా మారింది. పుస్తకం బాబాయ్ దగ్గర ఉండిపోయింది.

2015 ఎండాకాలంలో మాలో ఒకతనికి తండ్రి పోయాడు. కర్మకాండల రోజుల్లో చెరువు గట్టున ఎవరో దగ్గరి చుట్టం, "కాస్త మనస్సు కుదుటపడుతుంది" అంటూ సిగరెట్టు చేతికిచ్చాడు. ఆయనదీ ప్రేమే. ఆ ఒకటి పదకొండు రోజులయింది. మావాడు ఫోను ఎత్తడం మానేశాడు. మేం పలకరించడానికి వెళ్తే చాలాసేపు నేల చూపులు చూసి, "నా పేరు కొట్టేశారా?" అని అడిగాడు. మూడేళ్ళకు దగ్గరపడిన లెక్క మళ్ళీ సున్నా అయిందన్నది, తండ్రి పోయిన దుఃఖం మీద ఇంకో దుఃఖంగా కూర్చుంది వాడికి.

బాబాయ్ సంచీలోంచి పుస్తకం తీసి ఆ పేజీ చూపించాడు. పదకొండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పన్నెండో గడి దగ్గర పెన్ను పెట్టి అన్నాడు: "వెయ్యి రోజులు మానీసినావు, పదకొండు రోజులు కాల్చినావు. ఆ వెయ్యీ ఎక్కడికెల్లిపోతాయేటి బాబూ?"

వాడు పెన్ను తీసుకుని టిక్కు పెట్టాడు. ఆ టిక్కుల వరస నేటికీ తెగలేదు. ఒక మనిషిని నిలబెట్టిన మాటల్లో ఇంతకంటే గొప్పది నేను ఏ గ్రంథాలయంలోనూ చదవలేదు.

ఇది మా అయిదుగురి అదృష్టమేనా అని తరువాత నేను కొంచెం చదివి చూశాను. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో, తాగుడు మానిన బిల్ విల్సన్ అనే న్యూయార్కు వ్యాపారి, మళ్ళీ తాగుతానేమోనన్న భయంతో తనలాంటి తాగుబోతు ఒకణ్ణి వెదుక్కుంటూ వెళ్ళాడు. డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఎదుటివాడికి తోడుగా కూర్చుంటే తన మొగ్గు తనే ఆగుతుందని వాళ్ళిద్దరూ తెలుసుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. పొగ సంగతి 2008లో వెలువడిన మరో పరిశోధన చెప్పింది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనానికి చెందిన 12,067 మంది వివరాలను 1971 నుంచి 2003 వరకూ గమనిస్తే, జనం ఒక్కొక్కరుగా కాక, ఒకరితో ఒకరు ముడిపడిన గుంపులు గుంపులుగా మానినట్టు తేలింది. స్నేహితుడు మానేస్తే రెండోవాడు పొగ తాగే అవకాశం నూటికి 36 వంతులు తగ్గింది. దంపతుల్లో ఒకరు మానేస్తే రెండోవారి విషయంలో 67 వంతులు తగ్గింది. మా నాయనమ్మ అరుగు తిరగేసి చూస్తే ఇదే లెక్క. పొగ ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోతుంది.

బాబాయ్ రిటైరయ్యాడు. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసం వస్తుంది. ముప్ఫై అయిదేళ్ళ పొగ, ఊపిరితిత్తుల మీద వేసిన ముద్ర పూర్తిగా చెరగదు. బ్రిటిషు డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్ళు వెంబడించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో ఒక లెక్క ప్రకటించింది. 60 ఏళ్ళకు మానితే సుమారు 3 ఏళ్ళు, 50కి మానితే 6, 40కి మానితే 9, 30కి మానితే 10 ఏళ్ళ ఆయుష్షు తిరిగి దక్కుతుందని. ఈ లెక్క నేను చదివి వినిపిస్తే బాబాయ్ నవ్వి, "నాకు అణాలు దక్కినాయి, మీకు రూపాయి దక్కింది. నిలబెట్టుకోండి బాబూ" అన్నాడు. నెలకొక ఫోను ఇప్పటికీ తప్పకుండా చేసేది ఆయనే. అందరి తేదీలూ అడిగి పుస్తకంలో టిక్కు పెట్టుకుంటాడు. మాకోసం చేస్తున్నాడనుకునేవాళ్ళం. తనకోసం కూడానని ఈ మధ్యనే అర్థమయింది.

మేం మొదలుపెట్టి పుష్కరం దాటింది. ఇన్నేళ్ళలో సిగరెట్టు మీద నా కోరిక పూర్తిగా చచ్చిందని చెప్పను. ఏడాదికి ఒకటి రెండుసార్లు కలలో కాలుస్తాను, ఉలిక్కిపడి లేస్తాను, కల అని తెలిసి సంతోషిస్తాను. పొద్దున్నే ఫోను చేసి చెబితే అవతలివాడు, "నాకు పోయిన నెల వచ్చింది గురూ ఆ కల" అంటాడు. ఆ ఒక్క వాక్యంతో రోజు గడిచిపోతుంది.

ఈ సంచిక చదివే విద్యార్థి మిత్రుల్లో మానాలనుకుంటున్నవారు ఉంటారు, మాని నెలయినవారు ఉంటారు, మాని మళ్ళీ మొదలుపెట్టి మొహం చాటేస్తున్నవారూ ఉంటారు. ఎవరూ దొరకకపోతే 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది, 2018 నుంచి సిగరెట్టు పెట్టెల మీదే అచ్చవుతోంది. డాక్టర్లూ ఉన్నారు. కానీ అన్నిటికంటే ముందు మీ వరండాలోనే ఇంకొకడు ఇదే అవస్థలో ఉన్నాడు, చూడండి. ఇద్దరు చాలు. ఒక నోటు పుస్తకం కొనండి. మొదటి నెల కోసం కాదు, మూడో సంవత్సరం కోసం కొనండి. పేజీలు కాస్త ఎక్కువ ఉన్నదే కొనండి.